మార్చి పోతే సెప్టెంబరు: రిజల్ట్స్ కోసం ఎదురుచూసిన మూడు తరాల కథ

వెనకాల గంటలు, హారన్లు వినపడుతున్నాయి కదా, ఏమీ అనుకోకండి. ఈరోజు 2025 ఏప్రిల్ 20, ఆదివారం. నేనున్నది పెదకాకాని, మల్లేశ్వరస్వామి గుడి దగ్గర. ఇక్కడ ఆదివారం ఎలా ఉంటుందో చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొత్త బండ్లకు పూజలు, అన్నప్రాసనలు, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడాలు. ఇందాక ఒకావిడ కొబ్బరికాయతో పాటు ఒక కాయితం కూడా పళ్ళెంలో పెట్టి పూజారిగారికి ఇచ్చింది. చూస్తే హాల్‌టికెట్ జిరాక్స్. పక్కన ఉన్న కుర్రాడు తనకేం సంబంధం లేనట్టు ఫోన్ చూసుకుంటున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి పాపం.

ఇంటర్ రిజల్ట్స్ మొన్న 12వ తేదీన వచ్చేశాయి. టెన్త్ పరీక్షలు మార్చి 17న మొదలై ఏప్రిల్ 1తో అయిపోయాయి, ఫలితాలు ఈ వారంలోనే అంటున్నారు. అంటే ఇప్పుడు ఈ రాష్ట్రంలో ఆరు లక్షల ఇళ్ళలో ఒకటే వాతావరణం. టీవీ సౌండు తగ్గుతుంది. అమ్మ మామూలుగా ఉన్నట్టు నటిస్తుంది. నాన్న "ఎప్పుడంట?" అని రోజుకి మూడుసార్లు అడుగుతాడు.

మా గుంటూరు వైపు ఈసారి ఇంకో ఎదురుచూపు కూడా కలిసింది. మిర్చి రేటు. ఫిబ్రవరిలో యార్డులో ధర ఎలా పడిపోయిందో వార్తల్లో చూసే ఉంటారు. చివరికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్క కట్టి ఆదుకుంటామంది. రెండేళ్ళ క్రితం ఇదే కాయ ఇరవై వేలు దాటి అమ్మింది. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పెట్టి రేటు కోసం చూస్తున్న ఇంట్లోనే, పిల్లాడి రిజల్ట్ కోసం కూడా చూస్తున్నారు. ఇలాంటప్పుడు ఇంట్లో ఒక మాట జారితే అది మిర్చి రేటు మీద కోపమా, పిల్లాడి మీద కోపమా తెలియదు. అనేవాడికి కూడా తెలియదు.

ఇంజనీర్ బుర్ర కదా నాది, ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకాలనిపించింది. బగ్ కనిపిస్తే లాగ్స్ వెనక్కి వెళ్ళి చూస్తాం కదా, అలా. చరిత్ర తవ్వితే నాకు అర్థమైంది ఇది. మన అమ్మానాన్నల భయం అబద్ధం కాదు. ఒకప్పుడు దానికి గట్టి కారణం ఉంది. కాకపోతే ఆ కారణం పోయినా భయం మాత్రం పాత క్యాలెండర్ ప్రకారమే నడుస్తోంది.

తాతయ్యల కాలం నుంచి మొదలుపెడదాం. మద్రాసు యూనివర్సిటీ 1857లో వచ్చింది. కాలేజీలో చేరాలంటే మెట్రిక్యులేషన్ అని ఆ యూనివర్సిటీ పెట్టే పరీక్ష పాసవ్వాలి. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు అన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే. తర్వాత ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. మీ తాతగారి పాత ట్రంకుపెట్టెలో చూడండి, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఉండొచ్చు. సర్టిఫికెట్ కాదు, నిజంగానే చిన్న పుస్తకం. అందులో మార్కులు, పుట్టిన తేదీ, హెడ్మాస్టర్ సంతకాలు. పాస్, ఫెయిల్ కంటే అప్పట్లో పెద్ద మాట 'ఎలిజిబుల్'. అంటే కాలేజీకి పనికొస్తాడు అని. మా తాతయ్య 1957లో రాశాడు, ఎలిజిబుల్ అయ్యాడు, కాలేజీకి మాత్రం పోలేదు. పొలం ఉంది, అప్పు ఉంది. ఆయన ఎదురుచూపు గురించి నాకు తెలిసిన కథలేవీ లేవు. ఊళ్ళో అంతదూరం చదివినవాళ్ళే తక్కువ కాబట్టి, తప్పినా పెద్దగా ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదనేవాడు.

అసలు కథ నాన్నల కాలంలో మొదలైంది. 1969-70 నుంచి మన రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. దానికో బోర్డు 1971లో వచ్చింది. పదో తరగతి, తర్వాత ఇంటరు అనే ఈ మెట్లు అప్పుడే గట్టిపడ్డాయి. బళ్ళు పెరిగాయి, రాసేవాళ్ళు వేల నుంచి లక్షలయ్యారు. పదో తరగతి ప్రతి ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

అప్పుడు రిజల్ట్ ఎలా వచ్చేదో మీలో చాలామంది ఊహించలేరు. పేపర్లో వచ్చేది. పేరు ఉండదు, మార్కులు ఉండవు. నంబర్లే. పేజీల కొద్దీ చీమల బారుల్లా నంబర్లు. ఫస్ట్ క్లాస్ వాళ్ళవి ఒకచోట, సెకండ్ క్లాస్ ఒకచోట, థర్డ్ క్లాస్ ఒకచోట. పాసైన నంబర్లు మాత్రమే వేసేవాళ్ళు. ఫెయిలైనవాడి నంబరు ఎక్కడా ఉండదు. నీ ముందు నంబరు ఉంటుంది, నీ తర్వాత నంబరు ఉంటుంది, మధ్యలో నువ్వు ఉండవు. ఆ ఖాళీయే రిజల్ట్.

మన వైపు వాళ్ళకి ఒక అదృష్టం. విజయవాడ పేపర్ల ఊరు. 1960లో ఆంధ్రజ్యోతి అక్కణ్ణుంచే మొదలైంది, మిగతా పెద్ద పేపర్లు కూడా అక్కడ అచ్చయ్యేవి. అది అర్ధరాత్రి అచ్చయి తెల్లారేసరికి హైవే మీద ఊరూరా కట్టలు పడేసుకుంటూ పోయేది. పెదకాకాని హైవే మీదే కదా. కాబట్టి మారుమూల ఊళ్ళకి మధ్యాహ్నం తెలిసేది ఇక్కడ పాలు పితికే వేళకే తెలిసేది.

ఈ ఎపిసోడ్ కోసం మా నాన్నని అడిగాను, మీ రిజల్ట్ రోజు ఏం జరిగిందని. ఆయన గూడ్స్ ఆటో నడిపాడు చాలా ఏళ్ళు, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి టిక్కీలు తోలేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ముందు "ఇప్పుడవన్నీ ఎందుకురా" అన్నాడు. తర్వాత చెప్పాడు.

1986. తెల్లారుజామునే తాతయ్య టీకొట్టు దగ్గరికి వెళ్ళాడు. పేపర్ కట్ట పడింది. పదిమంది తలలు దాని మీదే. తాతయ్య చూశాడు, ఇంకోసారి చూశాడు, పక్కనాయనతో కూడా చూపించాడు. నాన్న నంబరు లేదు. ఇంటికొచ్చాడు. నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. తాతయ్య చెప్పులు విప్పుతూ ఏమన్నాడో తెలుసా? "ప్రింటు సరిగా పడలేదంటరా. మన సెంటర్ నంబర్లు రేపు వేస్తారంట. నువ్వు అన్నం తిను."

అప్పట్లో పేపర్లో అచ్చుతప్పులు మామూలే. నంబరు ఎగిరిపోవడం, తర్వాత స్కూల్‌కి మార్కుల లిస్టు వచ్చాక పాసని తెలియడం, అలాంటివి ప్రతి ఊళ్ళో ఒకటో రెండో ఉండేవి. కాబట్టి తాతయ్య అబద్ధం నమ్మదగ్గ అబద్ధమే. నాన్న నమ్మాడా అని అడిగాను. "నమ్మలేదు. కానీ ఆ పూట అన్నం తిన్నా" అన్నాడు. మర్నాడు తాతయ్యే పక్కన కూర్చుని చెప్పాడంట, లెక్కల్లో పోయినట్టుందిరా, సెప్టెంబరు ఉందిలే అని.

నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మా నాన్న టెన్త్ మొదటిసారి తప్పాడన్న సంగతి నాకు పది రోజుల క్రితం తెలిసింది.

సరే. 'మార్చి పోతే సెప్టెంబరు' అనే మాట మనం జోకుగా వాడతాం. ఏ పని చెడిపోయినా మార్చి పోతే సెప్టెంబరు అంటాం. వినడానికి ధైర్యంగా ఉంటుంది. లెక్క వేస్తే దాని వెనక ఎంత బరువుందో తెలుస్తుంది. కాలేజీల్లో చేరికలు జూన్, జులైల్లో. తప్పినవాడు మళ్ళీ రాసేది సెప్టెంబరులో. ఆ రిజల్ట్ వచ్చేసరికి కాలేజీలో క్లాసులు సగం అయిపోతాయి. చేర్చుకోరు. అంటే వచ్చే జూన్ దాకా ఆగాలి. ఒక్క సబ్జెక్టులో 33 మార్కులు వచ్చి, పాసుకి 35 కావాలంటే, ఆ రెండు మార్కుల ఖరీదు పూర్తిగా ఒక సంవత్సరం.

ఆ ఖాళీ సంవత్సరంలో ఏం జరిగేది? డబ్బున్నవాళ్ళు గుంటూరులోనో బెజవాడలోనో ట్యుటోరియల్ కాలేజీలో పడేసేవాళ్ళు. లేనివాళ్ళు పనిలోకి. నాన్న సెప్టెంబరులో లెక్కలు పాసయ్యాడు. కానీ అప్పటికే ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తా కింద పనికి కుదిరాడు. వచ్చే జూన్ వచ్చేసరికి చేతిలో జీతం అలవాటైంది. చదువు అక్కడితో సరి. ఫెయిలవడం వల్ల ఆగలేదు చూడండి. పాసయ్యాక, ఖాళీ వల్ల ఆగింది.

ఆడపిల్లల విషయంలో ఇంకా ఘోరం. మా మేనత్త నాన్న కంటే రెండేళ్ళు చిన్న. 1988లో రాసింది, ఇంగ్లీషులో తప్పింది. సెప్టెంబరుకి ఫీజు కూడా కట్టారు. హాల్‌టికెట్ వచ్చింది. ఈలోపు ఆగస్టులో సంబంధం వచ్చింది. ఖాళీగా ఉంది కదా పిల్ల అన్నారు. అంతే. పెళ్ళయిపోయింది. పరీక్ష రోజు ఆవిడ అత్తగారింట్లో ఉంది. ఆ హాల్‌టికెట్ ఇప్పటికీ ఆవిడ బీరువాలో ఉంది, నాకు చూపించింది. ఫోటోలో రెండు జడలు.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటివి కళ్ళారా చూసినవాళ్ళు పిల్లల రిజల్ట్ అంటే వణకరా? వాళ్ళ బుర్రలో ఫెయిల్ అనే మాట పక్కన రాసున్నది మార్కులు కాదు. సంవత్సరం పోవడం, పనిలోకి పోవడం, పెళ్ళి అయిపోవడం. వాళ్ళు అరిచేటప్పుడు మనకి మార్కుల గురించి అరుస్తున్నట్టు వినపడుతుంది.

ఈ సెప్టెంబరు పద్ధతి ఎప్పటికో పోయింది. ముందు 'ఇన్‌స్టంట్' అన్నారు, తర్వాత అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అన్నారు. జనం నోట్లో సప్లీ. రిజల్ట్ వచ్చిన నెలకల్లా మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఫలితం, అదే ఏడాది కాలేజీ. 2025లో ఇంటర్ వాళ్ళకి చూడండి, ఏప్రిల్ 12న రిజల్ట్ వస్తే మే 12 నుంచే సప్లీ. ఎనిమిది తొమ్మిది నెలల శిక్ష ఒక నెలకి తగ్గింది. నా ఉద్దేశంలో మన పరీక్షల చరిత్రలో ఇది అన్నిటికన్నా పెద్ద మార్పు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. బడికి కొత్త బిల్డింగ్ కడితే శిలాఫలకం వేస్తారు, క్యాలెండర్ మారిస్తే ఎవరు వేస్తారు.

కానీ ఇదే కాలంలో ఇంకోటి మారింది, అది మంచికి కాదు. తాతయ్య చేసిన పని ఇప్పుడు ఎవరూ చెయ్యలేరు. రిజల్ట్‌కీ పిల్లాడికీ మధ్య ఒక మనిషి ఉండేవాడు. సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, చూసి, తిరిగొచ్చేలోపు ఎలా చెప్పాలో ఆలోచించుకునేవాడు. ఆ మనిషి మెల్లమెల్లగా మాయమయ్యాడు.

నా కాలానికి సగం మాయమయ్యాడు. నేను 2013 బ్యాచ్. మాది గ్రేడుల కాలం. 2012 పరీక్షల నుంచి టెన్త్‌లో మార్కులు తీసేసి గ్రేడ్లు ఇచ్చారు, పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికని. తగ్గిందా? పదికి పది పాయింట్లు అని ఫ్లెక్సీలు వచ్చాయి. మా స్కూల్ వాళ్ళు గేటు ముందు పెట్టిన ఫ్లెక్సీలో పదికి పది వచ్చినవాళ్ళ ఫోటోలే. నాకు 8.3. ఏడాది పొడుగునా ఫీజు నేనూ కట్టాను కదా సార్ అని అడగాలనిపించింది, అడగలేదు.

రిజల్ట్ రోజు నెట్ సెంటర్‌కి పోయాను. మనబడి సైట్ ఓపెన్ అవ్వదు. సర్వర్ బిజీ. నెట్ సెంటర్ అన్న వరసపెట్టి నంబర్లు కొడుతున్నాడు, ప్రింటుకి పది రూపాయలు, వెనకాల ముప్పై మంది. నీ గ్రేడ్ నీకంటే ముందు ముప్పై మంది చూస్తారు. ప్రింటు పట్టుకుని బయటికొస్తే నాన్న ఆటో అక్కడుంది. మేలో యార్డుకి వేసవి సెలవులు, అయినా ఆయనకి కోల్డ్ స్టోరేజీ పని ఉంటుంది. అది వదిలేసి వచ్చాడు. కాయితం చూడకుండానే "ఎండగా ఉంది, చెరుకురసం తాగుదాం దా" అన్నాడు. తాగాక అడిగాడు. ఇప్పుడు తెలిసింది నాకు, అది ఆయన సొంత తెలివి కాదు. తాతయ్య దగ్గర నేర్చుకున్నది.

ఇప్పుడైతే చెరుకురసానికి కూడా టైం లేదు. 2025 జనవరి 30న 'మన మిత్ర' అని వాట్సాప్ గవర్నెన్స్ పెట్టారు. మొన్న ఇంటర్ ఫలితాలు 9552300009 నంబర్‌కి మెసేజ్ పెడితే వచ్చేశాయి. ఇంజనీర్‌గా నాకిది నచ్చింది. సర్వర్ కూలిపోవడం కంటే నయం. కానీ రిజల్ట్ నేరుగా పదిహేనేళ్ళ పిల్ల చేతిలో పడుతుంది, తలుపు వేసుకున్న గదిలో. ఆ పక్క నిమిషంలోనే బంధువుల గ్రూపులో ఎవరో అడుగుతారు, ఎంతొచ్చాయి అని.

ఇక్కడ కొంచెం ఆగి నా ఫీల్డ్ గురించి మాట్లాడతా. స్క్రీన్ మీద నంబర్ కనిపిస్తే అది దేవుడు రాసిన గీతలా ఫీలవుతాం. అది ఎలా తయారవుతుందో చూడండి. ఆన్సర్ షీట్ మీద పేరు, నంబరు ఉన్న భాగం చించి కోడ్ వేస్తారు. స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో ఒక టీచర్ రోజుకి నలభై పేపర్ల దాకా దిద్దుతారు, ఏప్రిల్ ఎండలో. ఇంకొకరు మొత్తం కూడతారు. ఇంకొకరు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. తర్వాత కోడ్‌ని మళ్ళీ నంబర్‌కి కలుపుతారు. ఇన్ని చేతులు మారే డేటాలో తప్పు రాదని ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు.

2019లో అదే జరిగింది, తెలంగాణలో. ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు ఇచ్చారు. ఫలితాల పని ఆ ఏడాది కొత్తగా ఒక ప్రైవేట్ సంస్థకి అప్పగించారు. మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిల్. పరీక్ష రాసినవాళ్ళకి ఆబ్సెంట్ అని పడింది. ఒకమ్మాయికి తెలుగులో సున్నా పడింది, తర్వాత చూస్తే అది 99. దిద్దినావిడ బబుల్స్ తప్పుగా నింపింది, సరిచూడాల్సినవాళ్ళు చూడలేదు. తల్లిదండ్రులు నాంపల్లిలో ఇంటర్ బోర్డు ముందు రోజుల తరబడి నిలబడ్డారు. ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది. ఫెయిలైన అందరి పేపర్లూ ఫీజు లేకుండా మళ్ళీ చూడాలని ఆర్డర్ వచ్చింది, ఆ లెక్కల్ని ఇంకో సంస్థతో కూడా సరిచూపించారు. వెయ్యి మందికి పైగా ఫెయిలన్నవాళ్ళు పాసయ్యారు.

కానీ ఆ మళ్ళీ చూసే పని అయ్యేలోపే, ఆ ఏప్రిల్ చివరి రోజుల్లో, ఇరవై మందికి పైగా పిల్లలు మనకి లేకుండా పోయారు. అందరి మార్కులూ తప్పేనని నేననట్లేదు. తప్పో ఒప్పో, సప్లీ పరీక్ష దాకా కూడా వాళ్ళు ఆగలేకపోయారు. నేను అప్పుడే బీటెక్ ఫైనలియర్. ఆ వార్తలు చూసి నా క్లాస్‌మేట్ ఒకడు అన్నమాట ఇంకా గుర్తుంది, "టెస్టింగ్ సరిగా చెయ్యని సాఫ్ట్‌వేర్ ఎంత దూరం పోతుందో చూడు" అని. నాకు మాత్రం తర్వాత అనిపించింది, సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, ఆ రోజు ఆ గదుల్లో పక్కన ఎవరున్నారు అని.

మన దగ్గరే ఇలా అనుకోకండి. 2020 ఆగస్టులో ఇంగ్లాండ్‌లో కోవిడ్ వల్ల పరీక్షలు లేక, కంప్యూటర్ లెక్కతో ఏ-లెవెల్ గ్రేడ్లు ఇచ్చారు. టీచర్లు వేసిన గ్రేడ్లలో దాదాపు నలభై శాతం తగ్గిపోయాయి. పిల్లలు రోడ్డెక్కారు. 13న ఇచ్చిన ఫలితాలు 17వ తేదీకల్లా వెనక్కి తీసుకున్నారు. నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులు అక్కడి తల్లిదండ్రులకీ ఇదే పని, పిల్లల్ని పట్టుకుని కూర్చోవడం.

ఇక మన రాష్ట్రంలో 2022. 2020లో, 2021లో టెన్త్ పరీక్షలే జరగలేదు, అందరూ పాస్. 2022 వాళ్ళు కొంతకాలం ఫోన్లో పాఠాలు విని, అది కూడా ఫోన్ ఉన్నవాళ్ళు మాత్రమే విని, నేరుగా పబ్లిక్ పరీక్షకి వచ్చారు. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగొచ్చిన ఏడాది కూడా అదే. జూన్ 4 శనివారం ఫలితాలన్నారు. పొద్దున్నే పూజ చేసుకుని ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు జనం. ఆఖరి నిమిషంలో వాయిదా, సోమవారం అన్నారు. ఆ శని, ఆదివారాలు ఎలా గడిచాయో ఆ బ్యాచ్ వాళ్ళు కామెంట్స్‌లో చెప్పండి. 6న వచ్చాయి. 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది పాస్. 67.26 శాతం. మన ప్రకాశం జిల్లా 78.3 శాతంతో అందరికంటే పైన, అనంతపురం సగం కూడా లేదు. రెండు లక్షల మంది ఒక్క మధ్యాహ్నంలో ఫెయిల్.

అప్పుడు జరిగిన ఒక మంచి విషయం చాలామందికి తెలియదు. అంతకుముందు సప్లీలో పాసైతే కంపార్ట్‌మెంటల్ అనే ముద్ర ఉండేది. ఎప్పటికీ మెమో మీద మచ్చలా. ఆ ఏడాది దాన్ని తీసేశారు. జులై 6న సప్లీ మొదలైంది, ఆగస్టు మొదట్లో ఫలితాలు, రాసినవాళ్ళలో అరవై శాతం పైగా పాస్, రెగ్యులర్ వాళ్ళతో సమానంగా డివిజన్లు. అదే జూన్‌లో ఇంకో జీవో. ర్యాంకులు, మార్కులు చెప్పుకుంటూ స్కూళ్ళు ప్రకటనలు ఇస్తే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, లక్ష దాకా జరిమానా. జీవో అయితే ఉంది. ఈ వారం తర్వాత హైవే మీద ఫ్లెక్సీలు చూసి మీరే చెప్పండి.

సరే, ఇప్పుడు ఫోన్ మీ అమ్మకో నాన్నకో ఇవ్వండి ఒక రెండు నిమిషాలు.

అమ్మా, నాన్నా, నమస్కారమండీ. మీకు నీతులు చెప్పే వయసు నాది కాదు. ఎదురుచూసే రోజుల్లో పిల్లలకి ధైర్యం చెప్పండి అని అందరూ అంటారు. ఉత్త ధైర్యం పిల్లలు నమ్మరు, మా నాన్న ప్రింటు పడలేదంటే నమ్మనట్టే. వివరం చెబితే నమ్ముతారు. కాబట్టి రిజల్ట్ వచ్చాక కాదు, ఇప్పుడే, ఈ రెండు మూడు రోజుల్లోనే, అన్నం తినేటప్పుడు మామూలుగా అనండి: ఒకవేళ ఏదైనా పోతే నెలలోపే సప్లీ ఉంది, ఏడాది పోదు, నేను కనుక్కున్నా అని. ఆ "నేను కనుక్కున్నా" అన్నమాట చూశారా, అదే పని చేస్తుంది. మార్కులు అనుమానంగా ఉంటే రీకౌంటింగ్‌కి సబ్జెక్టుకి 500, రీవెరిఫికేషన్‌కి 1000 కట్టాలి. గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ డబ్బు పక్కన పెట్టామని కూడా చెప్పండి.

ఇంకోటి. రిజల్ట్ రోజు మీలో ఒకరు ఇంట్లో ఉండండి. కూలి పోతుంది, తెలుసు. సెలవు దొరకదు, తెలుసు. మా నాన్న ఆ రోజు ఒక ట్రిప్పు వదులుకున్నాడు. పన్నెండేళ్ళయినా నేను దాని గురించి ఇక్కడ మాట్లాడుతున్నా. బంధువుల గ్రూపుని ఆ ఒక్కరోజు మ్యూట్ చెయ్యండి. మార్కులు పిల్లలు చెబితేనే చెప్పండి. పాసైనవాళ్ళ ఇంట్లో కూడా ఇది అవసరమే. 560 వచ్చిన పిల్ల 590 రాలేదని ఏడ్చే ఇళ్ళు మన గుంటూరులో తక్కువేం కాదు.

పిల్లలు అన్నం మానేసినా, నిద్రపోకపోయినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు అన్నా తేలిగ్గా తీసుకోకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, నేరుగా అడగండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చెయ్యాలని లేదు, మీరూ చెయ్యొచ్చు. ఫోన్ ఇక మీవాళ్ళకి ఇచ్చేయండి.

ఫెయిలై గొప్పవాళ్ళైన వాళ్ళ లిస్టు చదువుతాననుకున్నారా? చదవను. అది వింటే నాకే చిరాకు వచ్చేది. ప్రతివాడూ గొప్పవాడు అవ్వక్కర్లేదు, సప్లీ రాసి కాలేజీలో చేరితే చాలు.

మా మేనత్త గురించి చెప్పా కదా, హాల్‌టికెట్ బీరువాలో ఉన్న ఆవిడ. ఆవిడ మనవరాలు ఈ మార్చిలో టెన్త్ రాసింది. నిన్న ఫోన్ చేశాను, రిజల్ట్ రోజు ప్లానేంటత్తా అని. "పొద్దున్నుంచీ ఫోన్ నా కొంగులోనే ఉంటుంది. ముందు అది అన్నం తినాలి. తర్వాత ఇద్దరం కలిసి చూస్తాం" అంది. మరి సైట్ ఓపెన్ చెయ్యడం నీకొచ్చా అన్నాను. "మన మిత్రకి హాయ్ పెట్టడం మొన్నే నేర్చుకున్నాలేరా" అంది.

సరే, ఇక్కడ బండి పూజకి నన్ను పక్కకి జరగమంటున్నారు. ఉంటా మరి.